డిగ్బెత్: బర్మింగ్‌హామ్‌లో ఒక ఐరిష్ వాడ, మా ఇంటి అంకుల్

బర్మింగ్‌హామ్‌లో బీబీసీ వాళ్ళు పాత టైఫూ టీ ఫ్యాక్టరీలోకి మారబోతున్నారని 2022లో వార్త రాగానే, ఏళ్ళ తరబడి మాటామంతీ లేని మా రూమ్మేట్ల వాట్సాప్ గ్రూపులో మెసేజులు మొదలయ్యాయి. "అరే, మనం నైట్ డ్యూటీ అయ్యాక నడిచొచ్చే సందే కదా ఇది" అని ఒకడు, "ఆ పగిలిన కిటికీల బిల్డింగా?" అని ఇంకొకడు. అదే. బోర్డెస్లీ స్ట్రీట్. 1978లో మూతపడ్డ ఫ్యాక్టరీ. మేమున్న రోజుల్లో దాని గోడ పగుళ్ళలో మొక్కలు మొలిచి ఉండేవి. ఆ వార్త చదివినప్పటి నుంచి డిగ్బెత్ అనే ఆ పేట గురించి రాయాలని ఉంది. దాన్ని నాకు చూపించిన పెద్దాయన గురించి కూడా.

నేను ఎమ్మెస్సీ చేయడానికి బర్మింగ్‌హామ్ వెళ్ళింది 2005 సెప్టెంబర్‌లో. పౌండ్ ఎనభై రూపాయల దగ్గర ఉండేది. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలని వీసా రూలు. ఫీజు కట్టగా మిగిలిన డబ్బులు చూసుకుంటే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. అప్పటికి ఆ నగరం పరిస్థితి కూడా ఏమంత బాగాలేదు. ఆ ఏప్రిల్‌లోనే లాంగ్‌బ్రిడ్జ్‌లోని ఎంజీ రోవర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడి ఆరువేల మంది దాకా రోడ్డున పడ్డారు. బస్సులో ముసలివాళ్ళు దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. ఇంకోవైపు 2003లో తెరిచిన కొత్త బుల్ రింగ్ మాల్, దానికి ఆనుకుని పదిహేనువేల అల్యూమినియం బిళ్ళలు తాపడం చేసిన సెల్ఫ్రిడ్జెస్ భవనం. ఇండియా నుంచి వెళ్ళిన ప్రతి ఒక్కరం దాని ముందు ఫోటో దిగి ఇంటికి పంపించినవాళ్ళమే.

ఆ మెరిసే భవనం వెనక నుంచి కొండవాలులా ఒక రోడ్డు కిందికి దిగుతుంది. సెయింట్ మార్టిన్ చర్చి దాటి పది నిమిషాలు నడిస్తే డిగ్బెత్. ఇటుక గోడలు, రైలు వంతెనలు, వాటి కమానుల కింద మెకానిక్ షెడ్లు, తలుపులు ఊడిన గోడౌన్లు. మా సీనియర్లు "రాత్రిపూట అటు వెళ్ళకండి" అని చెప్పారు. మా నైట్ డ్యూటీ అటువైపే పడింది. వేరే దారి లేదు.

నిజానికి బర్మింగ్‌హామ్ పుట్టింది అక్కడే. రే అని ఒక చిన్న నది ఉంది. ఇప్పుడు దాన్ని చూస్తే నది అనబుద్ధి కాదు, ఇటుకల కాలువలో చీలమండ లోతు నీళ్ళు. ఆ నదిని దాటే రేవు దగ్గరే ఊరు వెలిసింది. 1166లో పీటర్ డి బర్మింగ్‌హామ్ అనే దొర, సంత పెట్టుకోవడానికి రాజు దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. ఆ సంత ఎన్ని రూపాలు మారినా అక్కడే ఉంది. మాకు తెలిసిన బుల్ రింగ్ ఓపెన్ మార్కెట్ అదే. గిన్నెడు పండ్లు పౌండుకి అని గొంతు చించుకుని అరిచేవాళ్ళు. బెండకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర అక్కడ దొరికేవి కాబట్టే మేం బతికాం. సాయంత్రం సర్దేసే టైముకి వెళ్తే ఇంకా చవక.

నీళ్ళూ సంతా ఉన్నచోటికి పనివాళ్ళు వస్తారు. కమ్మరులు, తోలు శుద్ధి చేసేవాళ్ళు, బొత్తాలు, మేకులు, తుపాకులు చేసేవాళ్ళు. తర్వాత కాలువలొచ్చాయి, రైళ్ళొచ్చాయి. బాన్‌బరీ స్ట్రీట్‌లో తుపాకీ గొట్టాలను పరీక్షించే ప్రూఫ్ హౌస్ 1813 నుంచీ నడుస్తోంది. ఇప్పటికీ అక్కడ అదే పని. వెయ్యి వృత్తుల నగరం అని బర్మింగ్‌హామ్‌కి పేరు. ఆ వృత్తుల్లో చాలావాటికి కార్ఖానాలు డిగ్బెత్‌లోనే ఉండేవి.

మేం నలుగురం తెలుగు పిల్లలం స్పార్క్‌హిల్‌లో ఒక ఇంట్లో పై అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. కింద ఇంటి యజమాని ఒక్కడే. భార్య పోయింది, పిల్లలు వేరే ఊళ్ళలో. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. చేతులు చూస్తే వయసుకి మించి అరిగిపోయి ఉండేవి. మేం అలవాటు కొద్దీ అంకుల్ అని పిలిచాం. మొదట వింతగా చూశాడు. తర్వాత ఎవరైనా వస్తే, వీళ్ళు మా పిల్లలు అని పరిచయం చేయడం మొదలుపెట్టాడు. మేం పోపు పెడితే కిందికి దగ్గొచ్చేది. అయినా ఒక్క రోజు కసురుకోలేదు.

ఆయనది ఐర్లండ్ పడమట మేయో కౌంటీ. రాళ్ళ భూమి, ఇంట్లో ఎక్కువమంది పిల్లలు, ఊళ్ళో పని లేదు. 1957లో పందొమ్మిదేళ్ళ వయసులో డబ్లిన్ నుంచి ఓడలో హోలీహెడ్‌కి, అక్కడి నుంచి రైల్లో బర్మింగ్‌హామ్‌కి వచ్చాడు. వాళ్ళ ఊరివాళ్ళు ముందే వచ్చి ఉన్నారు, ఆ ధైర్యం. ఒకే గదిలో నలుగురైదుగురు మగవాళ్ళు పడుకునే అద్దె ఇళ్ళు. పొద్దు పొడవకముందే రోడ్డు పక్కన నిలబడాలి. లారీ వస్తుంది, మేస్త్రీ దిగి భుజాలు, చేతులు చూసి "నువ్వురా, నువ్వురా" అని ఏరుకుంటాడు. మిగిలినవాళ్ళకి ఆ రోజు పని లేదు. కూలి చేతికి నగదు. సెలవులూ లేవు, దెబ్బ తగిలితే అడిగే నాథుడూ లేడు, ముసలితనంలో పింఛనుకి పనికొచ్చే కాగితమూ లేదు.

ఇది వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా తాత గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్ళు మోసినవాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, ఎక్కడ ఆనకట్ట కట్టినా మావాళ్ళే. మా తాత సంగతి అంకుల్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు అడిగాడు. ఎంత ఎత్తు కట్ట, ఎంతమంది చచ్చిపోయారు, మేస్త్రీ ఎలాంటివాడు, ఇంటికి డబ్బు ఎలా పంపేవాడు. ఇంగ్లండ్‌లో మా తాత గురించి అంత శ్రద్ధగా అడిగిన మనిషి ఆయనొక్కడే. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ దోస్తీ కుదిరింది.

ఆదివారాలు నన్ను తిప్పేవాడు. ఆయన చూపించినవేవీ టూరిస్టు స్థలాలు కావు. ఇది మేం తవ్వాం, ఇది మేం పోశాం. ఇవే. హెర్బర్ట్ మాంజోనీ అనే ఇంజనీరు ఆ నగరాన్ని కార్ల కోసం తిరగరాయాలని చూశాడు. ఊరి మధ్య చుట్టూ ఇన్నర్ రింగ్ రోడ్డు పని అంకుల్ వచ్చిన 1957లోనే మొదలై 1971లో పూర్తయింది. తర్వాత అంకుల్ గ్రేవెల్లీ హిల్ పనికి వెళ్ళాడు. 1972లో తెరిచిన స్పాగెట్టీ జంక్షన్ అదే. 559 కాంక్రీటు స్తంభాల మీద అంచెలంచెలుగా మెలికలు తిరిగే రోడ్లు. వాటి కింద కాలువలు, నది, రైలు పట్టాలు. నన్ను పైనుంచి తీసుకెళ్ళలేదు. కాలువ గట్టున కింద నడిపించాడు. తల ఎత్తి ఒక్కో స్తంభాన్నీ చూస్తూ, శీతాకాలంలో కాంక్రీటు పోసేటప్పుడు వేళ్ళు ఎలా కొంకర్లు పోయేవో చెప్పాడు.

ఆ రింగ్ రోడ్డే డిగ్బెత్‌ని దెబ్బ కొట్టింది. మాస్‌హౌస్ సర్కస్ అనే కూడలి దగ్గర రోడ్డు పైకి లేచి కాంక్రీటు గోడలా నిలబడింది. ఇవతలివాళ్ళు అవతలికి పోవాలంటే చీకటి సబ్‌వేల్లోంచి నడవాలి. ఊరికి తూర్పున ఉన్న ఈ పేటంతా గోడ బయట ఉండిపోయింది. ఫ్యాక్టరీలు ఒకటొకటే పోయాయి, వాటి స్థానంలో కొత్తవి రాలేదు. 2002లో మాస్‌హౌస్‌ని కూలగొట్టి రోడ్డుని నేలకి దించారు. అంకుల్ వెళ్ళి చూశాడట. బాధ వేసిందా అని అడిగాను. లేదన్నాడు. అది జనం నడవడానికి పనికిరాని కట్టడం, కూలి కోసం కట్టాం, పోతే పోయింది అన్నాడు. ఆయన బాధ వేరే వాటి గురించి.

ఐరిష్ వాళ్ళు డిగ్బెత్‌లోకి రావడం 1950లలో మొదలైంది కాదు. 1840లలో బంగాళదుంప పంట కుళ్ళి కరువొచ్చినప్పుడే వేలమంది వచ్చి పార్క్ స్ట్రీట్ చుట్టుపక్కల ఇరుకు ఇళ్ళలో చేరారు. 1849లో న్యూమన్ అనే కాథలిక్ ఫాదర్ (తర్వాత కార్డినల్ అయ్యాడు) ఆల్‌సెస్టర్ స్ట్రీట్‌లో జిన్ అనే మద్యం కాచిన ఒక పాత బట్టీని ప్రార్థనాలయంగా మార్చాడు. అక్కడికి వచ్చినవాళ్ళలో ఆ పేద కూలీలే ఎక్కువ. 1867లో విలియం మర్ఫీ అనే ప్రచారకుడు కాథలిక్కుల మీద విషం కక్కే ఉపన్యాసాలిస్తే, జనం పార్క్ స్ట్రీట్ మీద పడి ఐరిష్ వాళ్ళ ఇళ్ళు ధ్వంసం చేశారు. నూరేళ్ళ తర్వాత, 1967లో, డెరిటెండ్ హై స్ట్రీట్‌లో ఐరిష్ సెంటర్ తెరిచారు. పెళ్ళిళ్ళు, చావు భోజనాలు, డాన్సులు, పాటలు, ఉత్తరాలు రాసిపెట్టడాలు, ఉద్యోగం కబుర్లు, అన్నీ అక్కడే. దగ్గరలోనే కోచ్ స్టేషన్. ఓడ దాకా పోయే బస్సులు రాత్రిపూట అక్కడి నుంచి కదిలేవి. సూట్‌కేసులు పట్టుకుని ఏడ్చేవాళ్ళు, తాగినవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. అంకుల్ తన భార్యని మొదట చూసింది ఆ సెంటర్ డాన్సులో. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖం వేరేగా ఉండేది.

నేను వెళ్ళింది మధ్యాహ్నం భోజనానికి. ముసలివాళ్ళంతా కోట్లు వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. నాకు బంగాళదుంపలు రెండోసారి, మూడోసారి వడ్డించారు. వద్దంటే వినలేదు. మా ఊళ్ళో పెద్దమ్మలు అంతే.

2006 మార్చిలో సెయింట్ పాట్రిక్ పరేడ్ చూశాను. డిగ్బెత్ రోడ్డంతా పచ్చ. ట్రాక్టర్లు, డప్పులు, బ్యాగ్‌పైపులు, ఒక్కో కౌంటీ బ్యానర్ పట్టుకుని నడిచే జనం. మేయో బ్యానర్ వెనక అంకుల్ నిటారుగా నడిచాడు. నేను పక్క ఫుట్‌పాత్ మీద ఆయనతో సమంగా నడిచాను. జనంలో సిక్కులూ, జమైకా నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ పరేడ్ 1952లో మొదలైంది. మధ్యలో ఇరవై ఏళ్ళకు పైగా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఆయన చాలా రోజులు చెప్పలేదు.

చెప్పిన సందర్భం ఇది. మేం దిగడానికి రెండు నెలల ముందే, జూలై 7న, లండన్‌లో బాంబులు పేలాయి. ఆ తర్వాత చాలా నెలలు బస్సుల్లో మా బ్యాగుల వైపు చూపులు. ఒకరోజు నేను కూర్చోగానే పక్కావిడ లేచి వేరే సీటుకి పోయింది. ఇంటికొచ్చి వంటింట్లో ఆ సంగతి అన్నాను. అంకుల్ టీ కప్పు కింద పెట్టి 1974 గురించి మొదలుపెట్టాడు.

1974 నవంబర్ 21 రాత్రి ఊరి మధ్యలో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. అది ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ పని అన్నారు. చాలామంది పాతికేళ్ళ లోపువాళ్ళు. చనిపోయినవాళ్ళలో ఐరిష్ కుర్రాళ్ళూ ఉన్నారు, అన్నదమ్ములిద్దరు. కొన్ని రోజుల్లోనే టెర్రరిజం నిరోధక చట్టం వచ్చింది. ఫ్యాక్టరీల్లో ఐరిష్ వాళ్ళతో కలిసి పని చేయం అని కార్మికులు బయటికి నడిచారు. అంకుల్ రెండు వారాలు పనికి పోలేదు. ఆయన భార్య మాంసం కొట్టులో యాస తెలుస్తుందని వేలితో చూపించి కొనేది. పిల్లలకి బడిలో నోరు విప్పొద్దని చెప్పారు. ఆరుగురిని పట్టుకుని 1975లో యావజ్జీవం వేశారు. ఆ తీర్పు తప్పని కోర్టు ఒప్పుకుని 1991 మార్చి 14న వాళ్ళని వదిలింది. పదహారేళ్ళు జైల్లో. పరేడ్ మళ్ళీ మొదలైంది 1996లో. ఇరవై రెండేళ్ళ తర్వాత పచ్చ రిబ్బను పెట్టుకుని రోడ్డు మీదికి రావడానికి ముందు రోజు రాత్రి భయమేసిందని చెప్పాడు. రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళలో ఇంగ్లిష్ వాళ్ళని చూశాక ఆ భయం పోయిందట. నాకు ఆయన ఇచ్చిన సలహా ఒక్కటే. నీ భాషలో ఫోన్ మాట్లాడటం మానకు, గొంతు తగ్గించకు.

ఆ రోజుల్లోనే పేట మీద కొత్త ప్లాన్లు మొదలయ్యాయి. నగరపాలక సంస్థ డిగ్బెత్‌కి ఐరిష్ క్వార్టర్ (ఐరిష్ పేట) అని పేరు పెట్టింది. ఊళ్ళో చైనీస్ క్వార్టర్, జ్యువెలరీ క్వార్టర్ ఉన్నట్టే ఇది. రే నది ఒడ్డున ఫ్లాట్లు, హోటళ్ళు, కొన్నాట్ స్క్వేర్ అని ఒక ఐరిష్ ప్రాంతం పేరుతో పెద్ద ప్రాజెక్టు. 2008 మాంద్యం వచ్చింది, ఆ స్క్వేర్ కాగితం మీదే ఉండిపోయింది. మంచిదే అయిందా, చెడ్డదే అయిందా అని ఇప్పటికీ తేల్చుకోలేను. ఖాళీ స్థలాలు ఇంకొన్నేళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. అదే సమయంలో ఆ పేరుకి కారణమైన జనం తగ్గిపోతున్నారు. 2001 జనాభా లెక్కల్లో బర్మింగ్‌హామ్‌లో ఐరిష్ అని రాయించుకున్నవాళ్ళు 3 శాతం పైన. 2011కి 2 శాతం. 1950లలో వచ్చినవాళ్ళు పోతున్నారు, పిల్లలు సోలీహల్ లాంటి చోట్ల ఇళ్ళు కొనుక్కున్నారు. అంకుల్ మిత్రులు కూర్చునే పబ్బులు ఒకటొకటిగా మూతపడ్డాయి. కొన్నిచోట్ల కొత్త ఫ్లాట్లలోకి వచ్చినవాళ్ళు పాటల శబ్దం మీద ఫిర్యాదు చేశారు. నలభై ఏళ్ళుగా పాట ఉన్న వీధిలో ఇల్లు కొనుక్కుని ఆ పాటే వద్దనడం అన్యాయం. అప్పుడూ ఇదే అన్నాను, ఇప్పుడూ ఇదే అంటాను.

అన్నీ చెడే జరిగాయని మాత్రం అనను. కస్టర్డ్ ఫ్యాక్టరీ నాకు చాలా ఇష్టం. వేసవిలో మన ఇళ్ళల్లో పండ్ల ముక్కలు వేసి చేసే కస్టర్డ్ ఉంది కదా, ఆ పొడి పుట్టిన ఊరు బర్మింగ్‌హామ్. 1837లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకి గుడ్డు పడదని, మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ చేశాడు. వాళ్ళ కంపెనీ డిగ్బెత్‌లో పెద్ద ఫ్యాక్టరీ కట్టింది. 1964లో అది బాన్‌బరీ అనే వేరే ఊరికి తరలిపోయింది. పాడుబడ్డ ఆ ఆవరణని 1990లలో చిన్న చిన్న స్టూడియోలుగా మార్చి, బొమ్మలు వేసేవాళ్ళకీ డిజైనర్లకీ తక్కువ అద్దెకి ఇచ్చారు. గోడలు కూల్చలేదు, ఎర్ర టెర్రకోటా ముఖభాగం అలాగే ఉంది. వంతెనల కింద గోడలన్నీ రంగుల బొమ్మలు. సీనియర్లు వెళ్ళొద్దన్న సందుల్లో 2010 నాటికి అమ్మాయిలు ఒంటరిగా ఫోటోలు తీసుకుంటూ తిరిగేవాళ్ళు. ఓల్డ్ క్రౌన్ అనే కర్రల ఇల్లు లాంటి పబ్బు, ఊళ్ళోకెల్లా పాతది, దాన్ని నిలబెట్టింది ఒక ఐరిష్ కుటుంబం. పాతదాన్ని ఉంచి బతికించడం సాధ్యమేనని ఆ రెండూ చూస్తే తెలుస్తుంది. మన హైదరాబాద్‌లో అజామాబాద్ పాత షెడ్ల పక్కనుంచి పోయినప్పుడల్లా నాకు కస్టర్డ్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది.

అన్నిటికన్నా అంకుల్‌కి కడుపు కోత కెన్నెడీ మొజాయిక్. అమెరికా ప్రెసిడెంటు కెన్నెడీ ఐరిష్ వంశం వాడు కదా. ఆయన చనిపోయాక బర్మింగ్‌హామ్ ఐరిష్ వాళ్ళు చందాలు వేసుకుని, కెన్నెత్ బడ్ అనే కళాకారుడి చేత రంగురాళ్ళ గోడ చేయించి 1968లో సెయింట్ చాడ్స్ సర్కస్‌లో పెట్టించారు. సరిగ్గా కాథలిక్ కెథడ్రల్ ముందు. అంకుల్ కూడా తన కూలిలోంచి కొన్ని షిల్లింగులు వేశాడు. 2007లో ఆ కూడలిని మార్చేటప్పుడు ఆ గోడ పోయింది. ఆ వారం ఆయన అన్నం సరిగ్గా తినలేదు. కాంక్రీటు కూలితే ఏమీ అనని మనిషి ఆ రంగురాళ్ళ కోసం ఏడ్చాడు.

నేను 2011లో హైదరాబాద్ వచ్చేశాను. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు. అంకుల్ క్రిస్మస్‌కి ఫోన్ చేసేవాడు, నేను సెయింట్ పాట్రిక్ రోజున చేసేవాణ్ణి. 2013లో మాత్రం మధ్యలో ఫోన్ వచ్చింది. ఎవరికేమైందో అని కంగారుగా ఎత్తాను. మొజాయిక్ మళ్ళీ వచ్చింది అన్నాడు. కెన్నెత్ బడ్ కొడుకు ఆలివర్ బడ్, తండ్రి బొమ్మల ఆధారంగా దాన్ని తిరిగి చేసి డిగ్బెత్‌లో పెట్టాడు. అంకుల్ కర్ర పట్టుకుని వెళ్ళి ముట్టుకుని వచ్చాడట. రాళ్ళు కొత్తవి, అయినా బాగుంది అన్నాడు. ఆ తర్వాతి ఏడాది ఆయన పోయారు. వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మేయోలో వాళ్ళ ఊరి మట్టిలోనే పెట్టారు.

2023లో ఆఫీసు పని మీద మళ్ళీ వెళ్ళాను. ఆ సెప్టెంబర్‌లోనే నగరపాలక సంస్థ తమ దగ్గర డబ్బుల్లేవని చేతులెత్తేసింది. డిగ్బెత్ మాత్రం అంతా తవ్వకం. ట్రామ్ లైన్ కోసం హై స్ట్రీట్ చీల్చేసి ఉంది. హోల్‌సేల్ మార్కెట్ 2018లోనే విట్టన్‌కి పోయింది, ఆ స్థలం ఖాళీ. 1838లో తెరిచిన కర్జన్ స్ట్రీట్ పాత స్టేషన్ పక్కన, లండన్ నుంచి వచ్చే హెచ్‌ఎస్2 అనే హైస్పీడ్ రైలుకి కొత్త స్టేషన్ కడుతున్నారు. దాని పునాదుల కోసం పార్క్ స్ట్రీట్ పాత శ్మశానంలో తవ్వి ఆరువేలకు పైగా అస్థిపంజరాలు తీశారు. పార్క్ స్ట్రీట్ అంటే 1867లో ఇళ్ళు ధ్వంసమైన అదే వీధి. అక్కడి మూలమలుపు పబ్బు కూడా ఆ రైలు కోసమే పోయింది. నేను తిరిగొచ్చాక, అక్టోబర్‌లో, బర్మింగ్‌హామ్ నుంచి ఉత్తరానికి పోవాల్సిన లైనుని ప్రభుత్వం రద్దు చేసింది. ఇంతమందిని లేపి, ఇంత తవ్వి, సగం దారిలో ఆపేశారు. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

ఐరిష్ సెంటర్ దగ్గరికి వెళ్ళాను. తలుపులు మూసి ఉన్నాయి. 2022లో డిగ్బెత్‌లోని ఆ భవనాన్ని ఖాళీ చేసి, సెంటర్‌ని కింగ్స్ హీత్‌కి మార్చారు. ముసలివాళ్ళకి అటువైపు సులువేమో, పార్కింగ్ ఉంటుంది, సంతోషమే. కానీ కూలీలు పైసా పైసా కూడబెట్టుకున్న చోటు ఖరీదైన స్థలం కాగానే వాళ్ళే లేచిపోవాల్సి రావడం నాకు మింగుడు పడలేదు. మా నాయిన వాళ్ళు హైదరాబాద్‌లో గుడిసెలు వేసుకున్న చోట ఇప్పుడు ఐటీ భవనాలున్నాయి. ఆ బాధ నాకు కొత్త కాదు.

తర్వాత న్యూ స్ట్రీట్ స్టేషన్ బయట మూడు ఉక్కు చెట్లు చూశాను. 1974లో పోయిన 21 మంది పేర్లతో 2018లో పెట్టిన స్మారకం. పూనుకున్నది బర్మింగ్‌హామ్ ఐరిష్ అసోసియేషన్, రూపం ఇచ్చింది అనురాధా పటేల్ అనే శిల్పి. అంకుల్ ఉంటే ఆయనతో అక్కడికి వెళ్ళేవాణ్ణి. ఆ పేర్లన్నీ నిలబడి చదివాను.

ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో మన పిల్లలు వేలల్లో ఉన్నారు. యాస్టన్ యూనివర్సిటీలో, బర్మింగ్‌హామ్ సిటీ యూనివర్సిటీలో చదువుతున్నారు, టివిడేల్ బాలాజీ గుడికి వెళ్తున్నారు, చాలామంది ఉండే హాస్టళ్ళు డిగ్బెత్‌కి నడిచే దూరంలోనే. వాళ్ళకి ఒక దారి చెప్తాను. సెయింట్ మార్టిన్ చర్చి దగ్గర మొదలుపెట్టి కిందికి నడవండి. కోచ్ స్టేషన్ దాటాక ఎడమవైపు సందులన్నీ తిరగండి, కస్టర్డ్ ఫ్యాక్టరీలో కాఫీ తాగండి. వార్విక్ స్ట్రీట్‌లో స్పాటెడ్ డాగ్ పబ్బు తెరిచి ఉంటే లోపలికి వెళ్ళి ముసలివాళ్ళ పక్కన కూర్చోండి. మీరు తాగకపోయినా వాళ్ళు మాట్లాడతారు, ఏ ఊరు అని అడుగుతారు, చెప్పండి. ఫ్లడ్‌గేట్ స్ట్రీట్‌లో కెన్నెడీ మొజాయిక్ ఉంది. కొత్తగా చేసినప్పుడు ఆ బొమ్మలోని జనంలో ఒక ముఖాన్ని మైక్ నాంగిల్ ముఖంగా మార్చారు. నగరానికి తొలి ఐరిష్ లార్డ్ మేయర్ ఆయన. వెతికితే కనబడతాడు.